మూడు గంటల అతిథి

రాజధాని నుంచి వచ్చిన ఉత్తర్వు ఒక్క పేజీ. ఇల్లు లేనివాళ్ళకు ముందు ఇల్లివ్వండి, మిగతా సంగతులు తర్వాత చూసుకోవచ్చు అని అందులో ఉంది. ఆ పేజీ కనుమ దాటి మా ఊరి సంక్షేమ కార్యాలయానికి చేరి, నాలుగు బల్లల మీదుగా నడిచి బయటికొచ్చేసరికి ముప్ఫయ్యొక్క పేజీలైంది.

ఆ ముప్ఫయ్యొక్క పేజీలనూ చంకలో పెట్టుకుని, మార్చి నెల మొదటి సోమవారం పొద్దున ఇన్‌స్పెక్టర్ రఖియా సపరోవ్నా పాత మేజోళ్ళ ఫ్యాక్టరీ హాస్టల్ రెండో అంతస్తులో ఏడో నంబరు గది తలుపు తీసింది. ఆమె వెనక జూరాకాన్ నిలబడి ఉంది. అరవై ఒక్కేళ్ళ మనిషి. ఒక చేతిలో ఇనప బాన, ఇంకో చేతిలో గుడ్డల మూట, చంకలో తన చెయ్యంత పొడుగున్న అప్పడాల కర్ర. బజారు వెనక వేడినీళ్ళ గొట్టాలు పోయే గుంటలో ఎనిమిది చలికాలాలు గడిపిన మనిషి, గడప దగ్గర ఆగి బూట్లు విప్పింది.

"లోపలికి రండి, ఇది మీ గదే," అంది రఖియా.

"ఎప్పటిదాకా?"

"వారం రోజులు పరీక్షా కాలం. అందులో నెగ్గితే పదేళ్ళకు ఒప్పందం."

"నెగ్గాలంటే ఏం చెయ్యాలి చెల్లెమ్మా?"

"చెల్లెమ్మ కాదు, ఇన్‌స్పెక్టర్. మామూలుగా బతకాలి. అంతే. దానికి నలభై అంశాలున్నాయి."

రఖియా కిటికీ దగ్గర నిలబడి అన్నీ చదివింది. గోడకు మేకు కొట్టకూడదు. గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీద మేజోళ్ళు ఆరెయ్యకూడదు. పద్నాలుగో నిబంధన దగ్గర గొంతు కాస్త పెంచింది. అతిథులు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు లోపలే రావాలి, మూడు గంటలకు మించి ఉండకూడదు. జూరాకాన్ తలూపుతూ వింటోంది. వింటూనే హీటర్ మీద నీళ్ళు పెట్టింది, మూట విప్పి టీ ఆకు తీసింది. చదవడం అయిపోయేసరికి పింగాణీ గిన్నె నిండా, అంచు దాకా టీ పోసి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది.

రఖియా ముఖం ఎర్రబడింది. మా వైపు టీ గిన్నెకు సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయడానికి వీలుగా. నిండా పోశారంటే ఇక దయచెయ్యమని. ఆమె రెండు గుక్కలు తాగి, నోరు కాల్చుకుని, దయచేసింది.

ఆ రాత్రి జూరాకాన్ రేడియేటర్ పక్కన నేల మీద పడుకుంది. మంచం ఎత్తుగా ఉంది. నలుగురూ చూసే అరుగు మీద పడుకున్నట్టుంటుందనిపించింది.

మంగళవారం పొద్దున రఖియా వచ్చి మంచం వంక చూసింది. పరుపుకు దుకాణంవాడు వేసిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది.

"మంచం వాడటం లేదు," అని పెన్ను తీసింది.

"వాడానమ్మా. నేను కదలకుండా పడుకుంటా."

"కవరు కూడా తియ్యకుండానా?"

"కొత్త వస్తువు కదా, పాడవుతుందని."

రఖియా పెన్ను ఆపింది కానీ మూత పెట్టలేదు. "రేపు మళ్ళీ చూస్తా," అని వెళ్ళింది. మర్నాడు పొద్దునే లేచి కవరు పీకి, దుప్పటి రెండు చేతుల్తో నలిపి, దిండు మీద తలకాయంత గుంట పడేదాకా పిడికిలితో గుద్దాలని జూరాకాన్ అప్పటికప్పుడే నిశ్చయించుకుంది.

ఇన్‌స్పెక్టర్ మెట్లు దిగిన కాసేపటికి రుదోల్ఫ్ వచ్చాడు. అతను జర్మన్ల బిడ్డ. చుట్టాలంతా ఏనాడో విమానాలెక్కి జర్మనీ పోయారు. ఇతను మాత్రం కరెంటు తీగలతో నడిచే ట్రాలీబస్సులు బాగుచేస్తూ ఉండిపోయాడు. తర్వాత ట్రాలీబస్సులూ పోయాయి. గుంటలో జూరాకాన్ పక్క చోటు అతనిదే. ఈ మధ్య రాత్రిళ్ళు మునిసిపాలిటీ ఆశ్రయంలో పడుకుంటున్నాడు కానీ ఆశ్రయం పొద్దున ఎనిమిదికి బయటికి పంపేసి సాయంత్రం ఆరుకు గాని తలుపు తియ్యదు. అతని దగ్గర ఉన్నది ఇప్పుడు లేకుండా పోయిన దేశపు పాస్‌పోర్టు. అందుకే జాబితాలో పేరు ఎక్కలేదు.

కింద కాపలాదారు ఇమానాలీ అతన్ని ఆపాడు. ఇమానాలీ ఇరవయ్యేళ్ళు సరిహద్దు దళంలో చేసినవాడు. మనిషి గీత దాటుతున్నాడంటే ఏ వైపు నుంచి ఏ వైపుకో రాసి తీరాలి. బల్ల మీద పెద్ద పుస్తకం, దాని పక్కన ఎర్ర రంగు అలారం గడియారం.

"పేరు?"

"రుదోల్ఫ్."

"చిరునామా?"

"లేదు."

"లేదంటే కుదరదు. గడి ఖాళీగా వదలకూడదు."

రుదోల్ఫ్ పుస్తకంలోకి తొంగి చూశాడు. పై వరుసలో పాలావిడ పేరు, ఆవిడ ఇంటి నంబరు ఉన్నాయి. "పైదే అని రాయన్నా," అన్నాడు. ఇమానాలీ ఆలోచించి, అలాగే రాశాడు. గడి నిండింది. అలారం మూడు గంటల తర్వాత మోగేలా తిప్పి పెట్టాడు.

జూరాకాన్ అప్పటికే పిండి కలిపి తడిగుడ్డ కప్పింది. తలుపు దగ్గర నిలబడ్డ రుదోల్ఫ్‌ను పైనుంచి కింది దాకా చూసి, "బూట్లు విప్పరా, ఇది ఇల్లు," అంది.

"గుర్తుందక్కా. చిన్నప్పుడు మాకూ ఒకటుండేది."

పిండి ముద్దను బల్ల మీద పరిచి కర్రతో ఒత్తడం మొదలుపెట్టింది. కర్ర మీదుగా పిండిని చుడుతూ, అరచేతుల్ని మధ్య నుంచి చివర్లకు జారుస్తూ, చుట్టు విప్పి పిండి చల్లి మళ్ళీ చుడుతూ, పొర బల్ల అంచులు దాటి వేలాడే దాకా ఒత్తింది. మడతలు పెట్టి కత్తితో సన్నగా కోస్తుంటే చప్పుడు ఒకే తీరున వినబడింది. ఆ చప్పుడు వింటూ రుదోల్ఫ్ ఊరికే కూర్చోలేకపోయాడు. ప్లగ్గు వదులుగా ఉందని బిగించాడు. కిటికీ రెక్క బిగుసుకుపోయిందని విప్పి చెక్కాడు. మాంసం ముక్కలు, ముల్లంగి వేసిన నూడిల్స్ చారు రెండు గిన్నెలు తాగాడు. మూడో గిన్నె సగంలో ఉండగా తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

"సమయం అయిపోయింది," అన్నాడు ఇమానాలీ.

"మింగనిస్తావా?"

"మింగొచ్చు. నమలకూడదు."

రుదోల్ఫ్ కిందికి దిగి, పుస్తకంలో సంతకం పెట్టి, గేటు పక్క బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీ మీద మంచు అట్టకట్టి ఉంది. అయిదు నిమిషాలు కూర్చుని లేచి మళ్ళీ లోపలికొచ్చాడు.

"పేరు?" అన్నాడు ఇమానాలీ.

"ఇందాకటి వాణ్ణే."

"ఇందాకటి వాడు వెళ్ళిపోయాడు. పుస్తకంలో ఉంది."

"అయితే వాడి అన్నదమ్ముణ్ణి. రాయన్నా, చలేస్తోంది. రోజుకు ఎన్నిసార్లు రావచ్చో నీ కాగితాల్లో ఉందా?"

ఇమానాలీ ముప్ఫయ్యొక్క పేజీలూ తిరగేశాడు. లేదు. లేనప్పుడు ఆపడం కూడా నిబంధన తప్పడమే అవుతుంది. కొత్త వరుస గీసి, పేరు రాసి, అలారం తిప్పాడు. ఆ రోజు రుదోల్ఫ్ మూడుసార్లు అతిథి అయ్యాడు. బుధవారం మూడుసార్లు. గురువారానికి ఇమానాలీ అతని పేరు ముందే మూడు వరుసల్లో రాసి పెట్టేశాడు.

పుస్తకం గురువారం రఖియా కంటబడింది. పైకెక్కేసరికి ఆమెకు ఆయాసం. ఆ రోజు అది ఎనిమిదో గది.

"జూరాకాన్ గారూ, ఏమిటిది? తొమ్మిది నుంచి ఆరు దాకా ఒకే మనిషి!"

"ఒకే మనిషి కాదు చెల్లెమ్మా, ముగ్గురు అతిథులు. పుస్తకంలో చూడు."

మూల కూర్చుని టీ కెటిల్ తీగ బాగుచేస్తున్న రుదోల్ఫ్ మర్యాదగా లేచి నిలబడ్డాడు. "ఇప్పుడు నేను మొదటివాణ్ణి మేడం. రెండోవాడు పన్నెండున్నరకు వస్తాడు."

రఖియాకు నవ్వొచ్చింది. నవ్వితే ఇన్‌స్పెక్టర్ కాకుండా పోతానని పళ్ళు బిగబట్టింది. "నిబంధన ఉద్దేశం అది కాదు," అంది.

"మరి దాని ఉద్దేశం ఏమిటో చెప్పు," అంది జూరాకాన్.

రఖియా ఆఫీసులో అడుగుతానని ఫోన్ చేసింది. కమిషన్ అధ్యక్షులవారు సమావేశంలో ఉన్నారు, వారే ఫోన్ చేస్తారు, ఉండండి అన్నారు. ఉండాలి కాబట్టి కుర్చీలో కూర్చుంది. కూర్చున్న మనిషి ముందు గిన్నె పెట్టకుండా ఉండటం జూరాకాన్‌కు చేతకాదు. ఈసారి టీ అడుగున రెండు గుక్కలే పోసింది. రఖియా ఆ రెండు గుక్కల వంక చూసి, తాగి, గిన్నె ముందుకు జరిపింది. జూరాకాన్ మళ్ళీ రెండు గుక్కలు పోసింది. ఆ తర్వాత చారు వచ్చింది. చారు తర్వాత నూనెలో వేయించిన పిండిముక్కలు, పక్కన ఆప్రికాట్ జామ్.

"నీ కాళ్ళు వాచాయి," అంది జూరాకాన్. "బూట్లు గడప దగ్గరే విప్పమని ఎందుకంటారనుకున్నావ్? మర్యాదకు కాదు, కాళ్ళకు."

"పన్నెండు గదులు, రోజూ," అంది రఖియా. "మెట్లు లెక్కపెట్టడం మానేశాను."

రేడియేటర్ వెచ్చగా ఉంది. రుదోల్ఫ్ చేతిలో స్క్రూడ్రైవర్ కీచుమంటోంది. ఫోన్ మోగలేదు. రఖియా తల కొంచెం పక్కకు వాలింది, ఇంకొంచెం వాలింది. జూరాకాన్ దిండు తెచ్చి ఆమె చెంప కింద పెట్టి, "చూడు, ఇప్పుడు దీనికి అసలైన గుంట పడుతుంది," అని రుదోల్ఫ్ చెవిలో అంది.

పన్నెండున్నరకు రుదోల్ఫ్ చప్పుడు చెయ్యకుండా దిగి, బెంచీ మీద కూర్చుని, తిరిగొచ్చాడు. ఇంకాసేపటికి తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. రఖియా ఉలిక్కిపడి లేచింది. చెంప మీద దిండు కుట్టు అచ్చు పడి ఉంది.

"సమయం అయిపోయింది," అన్నాడు ఇమానాలీ.

"ఇతను ఇప్పుడే కదా వచ్చాడు," అంది జూరాకాన్.

"ఇతనిది కాదు. మేడం గారిది."

"నేను ఇన్‌స్పెక్టర్‌ని ఇమానాలీ!"

"తెలుసు మేడం. పుస్తకంలో రెండే గడులున్నాయి. నివాసి, అతిథి. మీరు నివాసి కాదు. తొమ్మిదీ నలభైకి వచ్చారు. ఇప్పుడు ఒంటిగంట కావస్తోంది. నిద్రపోతున్నారని పావుగంట ఊరుకున్నా, ఆ పావుగంట నా తప్పుగా రాసుకుంటా."

"నిబంధనల కాగితం ఇలా ఇవ్వు, నేను చూపిస్తా..."

"చూపించండి మేడం. కిందికి దిగాక."

రఖియా బూట్లు తొడుక్కుంది. వాచిన కాళ్ళకు అవి పట్టలేదు; రుదోల్ఫ్ వంగి మడమ దగ్గర చెంచా కాడ పెట్టి సాయం చేశాడు. కిందికి దిగి పుస్తకంలో సంతకం పెట్టింది. బ్యాగు, గొడుగు పైనే మర్చిపోయింది. వాటికోసం మళ్ళీ వెళ్ళాలంటే కొత్త వరుస గియ్యాలి, పెన్నులో సిరా అయిపోయింది, అయిదు నిమిషాలు ఆగండి అన్నాడు ఇమానాలీ. ఆమె బెంచీ మీద కూర్చుంది. చలి కోటులోంచి దూరి నేరుగా ఎముకల్లోకి పోయింది.

రుదోల్ఫ్ ఆమె బ్యాగు తీసుకుని దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. అలా దిగినందుకు అతని మూడు గంటలూ రద్దయ్యాయి.

"ఇటు జరగండి మేడం," అన్నాడు. "ఆ పక్క చెక్క తడి. ఇక్కడ పొడి."

"రోజంతా ఎక్కడుండేవారు, ఈ గది రాకముందు?"

"బస్టాండ్లో గంట. పోస్టాఫీసులో గంట. అక్కడ ఉత్తరం రాస్తున్నట్టు నటించాలి. గ్రంథాలయంలో రెండు గంటలు, నిద్ర రాకపోతే."

"ఉత్తరం ఎవరికి రాసేవారు?"

"ఎవరికో ఒకరికి. 'ఇక్కడ అందరం క్షేమం' అని మొదలుపెట్టేవాణ్ణి. ఎప్పుడూ రెండో వాక్యం తట్టలేదు."

రఖియా బ్యాగులోంచి ఒక దరఖాస్తు ఫారం తీసి మోకాలి మీద పెట్టుకుని, "ఇంటిపేరుతో సహా చెప్పండి," అంది. "రెండో భవనానికి ఇప్పట్నుంచే జాబితా రాస్తున్నాం. పాస్‌పోర్టు సంగతి నేను అడుగుతా."

సోమవారం ఒప్పందాల రోజు. కింది అంతస్తు హాల్లో ఎర్ర గుడ్డ పరిచిన బల్ల, బల్ల వెనక కమిషన్ అధ్యక్షుడు అసాన్‌బెక్ కెరిమోవిచ్. పన్నెండు మందిలో ఇద్దరు వారం మధ్యలోనే ఎటో పోయారు, ఒకావిడను కూతురొచ్చి తీసుకుపోయింది. మిగిలింది తొమ్మిది మంది. పన్నెండులోగా కనీసం తొమ్మిది సంతకాలు ఫ్యాక్సులో రాజధానికి చేరకపోతే రెండో భవనం ఆగిపోతుంది. అధ్యక్షుడు గంట నుంచి గడియారం చూసుకుంటున్నాడు. ఎనిమిది మంది పిలవగానే వచ్చి, చూపించిన చోట సంతకం పెట్టి, చెయ్యి కలిపి వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నారు.

తొమ్మిదో మనిషి జూరాకాన్. పువ్వుల రుమాలు తలకు కట్టుకుని వచ్చింది. కళ్ళజోడు అడిగింది. అధ్యక్షుడు తనది ఇచ్చాడు.

"ఇక్కడమ్మా, కింద."

"ఇక్కడ 'చదివి, అర్థం చేసుకుని' అని రాశారు."

"అది ఊరికే రాస్తారు."

"నేను ఊరికే సంతకం పెట్టను."

పేజీ మీద వేలు పెట్టి మొదలుపెట్టింది. వేలు లైను చివరికి పోయేది, ఆగేది, తర్వాతి లైను మొదటికి వచ్చేది. ఎవరో దగ్గారు. ఎవరో బయటికెళ్ళి పొగ తాగి వచ్చారు. పద్నాలుగో నిబంధన దగ్గర వేలు ఆగి ఇక కదల్లేదు.

"ఇది కూడా పదేళ్ళకా?"

"ఏది?"

"అతిథి మూడు గంటలు."

"అన్నీ పదేళ్ళకే."

జూరాకాన్ కళ్ళజోడు తీసి మడిచి బల్ల మీద పెట్టింది. ఎదురు చెప్పాలని ఆమె పైనుంచి దిగలేదు. మెట్లు దిగుతూ కూడా సంతకం పెట్టే చెయ్యినే తుడుచుకుంటూ వచ్చింది. కానీ మాట నోట్లోంచి వచ్చేసింది.

"అయితే నేను పెట్టను."

అధ్యక్షుడు సరిగా వినబడలేదనుకున్నాడు. "ఏం పెట్టరు?"

"సంతకం. వారం రోజులంటే ఆడుకున్నాం. పదేళ్ళు ఇంటికొచ్చిన మనిషిని గడియారం పెట్టి లేపమంటే నా వల్ల కాదు. ఆ గుంటలో ఉన్నప్పుడు కూడా నా దగ్గరికొచ్చినవాణ్ణి నేను లేవమనలేదు. అక్కడ వర్షం లోపలికొచ్చేది, ఎలకలొచ్చేవి. వాటినీ ఎవరూ సంతకం పెట్టమనలేదు."

"మతుండే మాట్లాడుతున్నారా? ఈ గది కోసం బయట వందమంది ఉన్నారు!"

"పిలవండి. చదవనివ్వండి."

ఆమె రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుంది. బాన తెచ్చుకోవాలి, కర్ర తెచ్చుకోవాలి, చలి ఇంకా నెల రోజులుంటుంది అని లోపల ఒక గొంతు లెక్క చెబుతూనే ఉంది. అయినా కుర్చీలోంచి లేవలేదు, చెయ్యి బయటికి తియ్యలేదు.

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. పదకొండున్నర. రుమాలుతో మెడ తుడుచుకుని రఖియా వైపు తిరిగాడు. "ఏమిటీ నిబంధన? ఎక్కణ్ణుంచొచ్చింది? రాజధాని కాగితంలో ఉందా?"

"లేదు సార్."

"మరి రాసిన పెద్దమనిషెవరు?"

రఖియా లేచి నిలబడింది. పరీక్ష తప్పిన పిల్లలా బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటోంది.

"నేనే సార్. రెండు రోజుల్లో ముప్ఫై పేజీలు కావాలన్నారు. నర్సింగు విద్యార్థినుల హాస్టల్ నియమాలు ఉంటే అవే ఎత్తి రాశాను. 'మగ అతిథులు' అన్న చోట 'మగ' ఒక్కటీ కొట్టేశాను."

హాల్లో మొదట ఇమానాలీ నవ్వాడు. అతను నవ్వడం అంతవరకు ఎవరూ చూడలేదు. తర్వాత ఎనిమిది మందీ నవ్వారు. చివరి కుర్చీలో ఉన్న ముసలాయన, "అయితే నా గదిలో రాత్రి పది తర్వాత జడలు వేసుకోకూడదన్నది కూడా అందులోదేనా?" అని అడిగాడు. ఆయనకు నున్నటి బోడిగుండు.

"అదీ అందులోదే," అంది రఖియా.

అధ్యక్షుడు నవ్వలేదు. పెన్ను తీసుకుని పద్నాలుగో నిబంధన మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన సంతకం పెట్టి, కాగితం జూరాకాన్ వైపు నెట్టాడు. "ఇప్పుడైనా?"

జూరాకాన్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఇంకా పదిహేడు పేజీలున్నాయి," అంది.

"అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆమె పెట్టింది. అక్షరం అక్షరంగా, పేరు పూర్తిగా. అది పూర్తయ్యేసరికి బల్ల ముందు ఎనిమిది మందీ మళ్ళీ వరుస కట్టారు, తమ కాగితాల్లోనూ ఆ గీత గియ్యమని. బోడిగుండు ముసలాయన జడల నిబంధన కూడా కొట్టిస్తే గాని కదలనన్నాడు. తొమ్మిది సంతకాలూ ఫ్యాక్సులో పన్నెండుకు రెండు నిమిషాల ముందు రాజధానికి చేరాయి.

మంగళవారం జూరాకాన్ తెల్లవారకముందే పిండి కలిపింది. మాంసం రెట్టింపు వేసింది. గడియారం లేని మొదటి రోజు కదా, రుదోల్ఫ్ సాయంత్రం దాకా కదలడు, రెండుసార్లయినా తింటాడు అని లెక్క. రఖియా కూడా రావచ్చు. ఇన్‌స్పెక్టర్‌గా ఇక రావలసిన పని లేదు కానీ, ఆ దారిన పోతూ రావచ్చు.

రుదోల్ఫ్ పదిన్నరకు వచ్చాడు. అంత ఆలస్యంగా రావడం అదే మొదలు. కింద ఇమానాలీ పేరు అడగలేదట, తల ఊపి ఊరుకున్నాడట. అది చెబుతూ రుదోల్ఫ్ బూట్లు విప్పాడు. ఒక గిన్నె చారు తాగాడు. రెండు పిండిముక్కలు తిన్నాడు. తలుపు గొళ్ళెం ఒకసారి కదిపి చూసి, బాగానే ఉందన్నాడు. గిన్నె పక్కకు జరిపి లేచాడు. వచ్చి ఇరవై నిమిషాలు కూడా కాలేదు.

"ఎక్కడికిరా?" అంది జూరాకాన్, గరిటె చేతిలో ఉండగానే.

"వీధి చివర చదరంగం ఆడుతున్నారక్కా. నల్ల పావులవాడు చిక్కులో ఉన్నాడు. చూసొస్తా."

"అప్పుడే? ఇంత వండింది ఎవరికి? నిన్నటిదాకా తరిమితే గాని పోయేవాడివి కాదు. ఇప్పుడు ఉండరా అంటే పోతానంటావా? ఈ మాట కోసమా నేను అంతమంది ముందు పరువు తీసుకుంది?"

రుదోల్ఫ్ గడప మీద వంగి బూటు తాడు కట్టుకుంటూ ఆమె వంక తలెత్తి చూశాడు. కోప్పడిందని అతనికి ఆశ్చర్యంగా ఉంది.

"ఇల్లెక్కడికి పోతుందక్కా," అన్నాడు. "రేపొస్తా."

అతను మెట్లు దిగుతూ ఈల వేస్తున్నాడు. జూరాకాన్ గడప దాటి, మెట్ల మొదట నిలబడి, కిందికి గట్టిగా అరిచింది.

"ఆట అయ్యాక ఆ నల్ల పావులవాణ్ణి కూడా తీసుకురా! మధ్యాహ్నం దాటితే నూడిల్స్ ముద్దయిపోతాయి!"